ఒకే ఊరు, రెండు రకాల ఆరోగ్యం: డెల్టా పట్టణాల్లో తేడా ఎక్కడ పుడుతోంది, సంఘాలు దాన్ని ఎంతవరకు తగ్గించగలవు

గోదావరి డెల్టా కాలువలకు కొత్తనీరు వదిలి, తొలకరి పడిన కొద్ది వారాలకు మన పట్టణాల నుంచి వచ్చే వార్తలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫలానా పేటలో వాంతులు, విరేచనాలు. వైద్య శిబిరం పెట్టారు. నీటి నమూనాలు పరీక్షకు పంపారు. నాలుగు రోజులకు శిబిరం ఎత్తేస్తారు, వార్త ఆగిపోతుంది. అదే పట్టణంలో అదే కాలువ నీరు తాగే మరో వీధిలో ఆ వారమంతా ఎవరికీ ఏమీ కాదు.

ఈ తేడానే ఆరోగ్య అసమానత అంటారు. దాన్ని తగ్గించడానికి ఆసుపత్రులు మాత్రమే సరిపోవనీ, స్థానిక సంఘాలు బలపడాలనీ, శాఖలన్నీ కలిసి కూర్చునే వేదికలు ఉండాలనీ ప్రభుత్వ పత్రాలు ఏళ్లుగా చెబుతున్నాయి. మహిళా ఆరోగ్య సమితి, పట్టణ ఆరోగ్య కేంద్రం, సమాఖ్య, ఆర్పీ (రిసోర్స్ పర్సన్), వార్డు సచివాలయం అంటూ వినిపించే పేర్లన్నీ ఏదో ఒక విధంగా ఆ ఆలోచనతో ముడిపడినవే. వీటిలో ఎవరి పని ఏమిటో, అవన్నీ కలిస్తే నిజంగా జబ్బులు తగ్గుతాయో లేదో మాత్రం చాలామందికి అయోమయంగానే ఉంది. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ ముడిని విప్పి చూద్దాం.

సగటు బాగుపడుతూ తేడా పెరగడం ఎలా సాధ్యం

ముందుగా ఒక ఊహా లెక్క. లక్ష జనాభా ఉన్న పట్టణం అనుకుందాం. అందులో 20,000 మంది కాలువ గట్ల మీద, మురుగు డ్రెయిన్ల పక్కన ఉన్న పేటల్లో ఉంటారు. మిగిలిన 80,000 మందిలో ఏడాదికి వెయ్యికి 10 మంది విరేచనాలతో ఆసుపత్రికి వస్తున్నారు, పేటల్లో వెయ్యికి 60 మంది. అంటే ఒకవైపు 800 మంది, మరోవైపు 1,200 మంది, మొత్తం 2,000. పట్టణం సగటు వెయ్యికి 20.

మరుసటి ఏడాది మంచి కాలనీల్లో ఇంటింటికీ నీటి శుద్ధి యంత్రాలు వచ్చి, అక్కడి సంఖ్య వెయ్యికి 5కు పడిపోయింది. పేటల్లో వెయ్యికి 65కు పెరిగింది. ఇప్పుడు 400, 1,300 కలిపి 1,700. సగటు 20 నుంచి 17కు దిగింది. సమీక్షలో ఇది 15 శాతం ప్రగతిగా కనబడుతుంది. కానీ పేటకూ కాలనీకీ మధ్య తేడా ఆరు రెట్ల నుంచి పదమూడు రెట్లకు పెరిగింది.

మన దగ్గర ఈ తేడా కనబడకపోవడానికి పెద్ద కారణం గణాంకాల తీరే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా స్థాయి అంకెలిస్తుంది, వార్డు వారీగా ఇవ్వదు. మురికివాడల లెక్కలోనూ చిక్కుంది. 2011 జనాభా లెక్కల్లో వాటిని మూడు రకాలుగా చూశారు: అధికారికంగా ప్రకటించినవి, ప్రభుత్వం గుర్తించినవి, కనీసం 300 మంది లేదా 60–70 ఇళ్లతో ఒకేచోట ఇరుకుగా ఉండి జనగణన సిబ్బంది గుర్తించినవి. డ్రెయిను పక్కన నలభై ఇళ్లు వరసగా ఉంటే ఈ మూడింటిలో దేనికిందా రాకపోవచ్చు. లెక్కలో లేని చోటికి పథకం వెళ్లడం కష్టం.

పేదరికం ఒక్కటే కారణమైతే సమస్య ఇంత చిక్కుగా ఉండేది కాదు

తేడా అంతా డబ్బుదే అనిపించడం సహజం. అది చాలావరకు నిజం కూడా. అయితే 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే పురుష ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో పూట గడవనివారు ఎవరూ లేరు. అయినా హోదా ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ మరణాల రేటు పెరిగింది. అట్టడుగు హోదా వారిలో ఆ రేటు అగ్రశ్రేణి వారి కంటే సుమారు మూడు రెట్లు. ఆ పరిశోధనలకు పేరుపడ్డ మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సంఘం 2008లో నివేదిక ఇచ్చింది. మనిషి పుట్టే, పెరిగే, నివసించే, పనిచేసే, ముసలివాడయ్యే పరిస్థితులే ఆరోగ్యాన్ని ప్రధానంగా తేలుస్తాయన్నది దాని సారం. వీటినే సామాజిక నిర్ణాయకాలు అంటున్నారు.

వైద్యసేవల సంగతికి వస్తే, 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక సూత్రం చెప్పాడు: అవసరం ఎక్కువున్న చోట మంచి వైద్యం తక్కువగా, అవసరం తక్కువున్న చోట ఎక్కువగా దొరుకుతుంది. మన పట్టణాల్లో ఆసుపత్రుల వీధి ఎక్కడుందో, కూలీల పేట ఎక్కడుందో తెలిసినవారికి దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పేదల జబ్బులు వేరు, ఉన్నవాళ్ల జబ్బులు వేరు అన్న అభిప్రాయం కూడా నిలబడదు. ఈ శతాబ్దం మొదట్లో గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను ఇంటింటికీ వెళ్లి పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. ప్రతి మూడు మరణాల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని అందులో తేలింది. అవి పల్లెటూళ్లు. పట్నంలో మరీ తక్కువగా ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. విరేచనాలతో పాటు బీపీ, షుగరు కూడా పేటలోనే ఉన్నాయి, ఒకే ఇంట్లో ఉన్నాయి.

కాలువ గట్టు ఎవరిది, డ్రెయిను ఎవరిది

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు కాలువలొచ్చాయి. కాలువ వెంబడి ఊళ్లు పెరిగాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న పట్టణాల్లో భూగర్భ జలం ఉప్పన. అందుకే తాగునీరు కాలువ నుంచే రావాలి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు పురపాలక సంఘాలు మంచినీటి చెరువులు నింపుకుంటాయి. జూన్‌లో మళ్లీ నీరు వదిలేవరకు అదే ఆధారం. కట్టేసిన ఆ రోజుల్లో కాలువ అడుగున ఊరి మురుగు, చెత్త పేరుకుంటాయి. కొత్తనీటితో అదంతా కదిలి వస్తుంది.

ఇక గట్ల సంగతి. పల్లె నుంచి పనికోసం వచ్చిన కుటుంబానికి అద్దె భారం లేకుండా దొరికేది కాలువ గట్టు. అది జలవనరుల శాఖ భూమి, రెవెన్యూ లెక్కల్లో ఆక్షేపణీయ పోరంబోకు. అక్కడ రెండు తరాలుగా ఉంటున్నవారికి ఓటు ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, పట్టా ఉండదు. పట్టా లేనిచోట శాశ్వత మురుగు కాలువ కట్టడానికి, ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి పురపాలక సంఘం వెనకాడుతుంది. చివరికి గట్టు మొదట్లో ఒకటో రెండో కుళాయిలు, మిగతా వాళ్లకు అక్కడినుంచి ప్లాస్టిక్ గొట్టాలు.

డెల్టా నేల చదునుగా ఉంటుంది. నీరు నెమ్మదిగా కదులుతుంది, చాలాచోట్ల కదలదు. ఇంటి ముందు సైడు కాలువ పురపాలక సంఘానిది. అది కలిసే పెద్ద డ్రెయిను, భీమవరంలో ఊరి మధ్య నుంచి వెళ్లే యనమదుర్రు లాంటిది, జలవనరుల శాఖది. మధ్యలో రోడ్డు కింద కల్వర్టు రహదారుల శాఖది కావచ్చు. కల్వర్టు పూడిపోతే పైన ఉన్న సైడు కాలువ ఎంత శుభ్రం చేసినా మురుగు నిలిచే ఉంటుంది. అడిగితే ముగ్గురూ చెప్పే మాట ఒకటే: మా పరిధి కాదు, పైకి రాశాం. ఈ మాటలో అబద్ధం లేదు, నిర్లక్ష్యం కూడా ఉండకపోవచ్చు. డెల్టాలో అనారోగ్యం ఎక్కువగా పుట్టేది ఈ పరిధుల మధ్య ఖాళీల్లోనే. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది.

బోదకాలు దీనికి పాత సాక్ష్యం. గోదావరి జిల్లాలు ఫైలేరియాకు పేరుపడ్డవి. ఆ జబ్బు మీద శిక్షణ, పరిశోధనల కోసం దేశంలో పెట్టిన కొద్ది కేంద్రాల్లో ఒకటి రాజమహేంద్రవరంలో ఉంది. జబ్బును మోసే క్యూలెక్స్ దోమ నిలిచిన మురుగునీటిలో పెరుగుతుంది. 2004 నుంచి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం దేశవ్యాప్తంగా నడిచింది. మాత్ర ఒంట్లోని పురుగును అదుపు చేస్తుంది గానీ మురుగును కదిలించలేదు. పైగా దోమకాటుకూ కాలు వాపుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈ ఏడాది డ్రెయిను పూడిక తీస్తే ఫలితం కనబడేది ఎప్పటికో. అలాంటి పనికి ఓపికగా వెంటపడేవాళ్లు ఊళ్లోనే ఉండాలి.

సామాజికాభివృద్ధి అంటే ఏమిటి

ఒక ప్రాంతంలో ఉండేవాళ్లు తమ సమస్యలేమిటో తామే గుర్తించి, ఏది ముందో తేల్చుకుని, దానికోసం కలిసి పనిచేసే శక్తిని పెంచుకోవడం సామాజికాభివృద్ధి. బయటివాళ్లు వచ్చి శుభ్రత మీద ఉపన్యాసం ఇవ్వడం ఇందులోకి రాదు. ఆరోగ్యంలో ప్రజల భాగస్వామ్యం హక్కూ బాధ్యతా అని 1978లో ఆల్మా అటా ప్రకటన చెప్పింది. మన దేశంలో పట్టణ పేటల్లో ఈ పద్ధతికి పాత ప్రయోగాల్లో ఒకటి 1967లో హైదరాబాద్‌లోనే మొదలైంది.

ఇప్పుడు మన పట్టణాల్లో దీనికి రెండు పునాదులున్నాయి. ఒకటి 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. మహిళల పొదుపు సంఘాలు (జనం ఇంకా డ్వాక్రా గ్రూపులనే అంటారు), వాటిపైన పేట స్థాయి సమాఖ్య, ఆపైన పట్టణ స్థాయి సమాఖ్య, వీళ్లందరినీ కలుపుతూ తిరిగే ఆర్పీ. రెండోది 2013లో కేంద్రం ఆమోదించిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్. సుమారు 50,000 మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి అన్నది దాని నమూనా. సమితికి ఏడాదికి 5,000 రూపాయలు ఇస్తారు, ఎలా ఖర్చుపెట్టాలో సభ్యులే నిర్ణయించుకోవచ్చు.

కాగితం మీద పెద్ద నిర్మాణమే. డబ్బు లెక్క చూస్తే మాత్రం, వంద ఇళ్లకు 5,000 అంటే ఇంటికి ఏడాదికి 50 రూపాయలు, రోజుకు 14 పైసలు. ఆ సొమ్ముతో సమితి డ్రెయిను కట్టించలేదు, పైపు మార్పించలేదు. అది చేయగలిగింది తెలుసుకోవడం, అడగడం, వెంటపడడం. అందుకే రెండో మాట అవసరమైంది: సమన్వయ వేదిక.

పైపు ఎక్కడ పగిలిందో ఎవరికి తెలుసు

ఊహా ఉదాహరణే తీసుకుందాం. గట్టు మీద 160 ఇళ్ల పేట. జూన్ చివర్లో ఆశా కార్యకర్త ఇళ్లు తిరుగుతూ ఏడు ఇళ్లలో విరేచనాలు గమనించింది. ఆరోగ్య కేంద్రం నర్సు ఏఎన్‌ఎంకు చెప్పింది. ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింక్ మాత్రలు వచ్చాయి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ బ్లీచింగ్ చల్లించాడు. ఇంజినీరింగ్ విభాగం ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర నీటిని పరీక్షించి, క్లోరిన్ సరిపడా ఉందని రాసింది. ఎవరి పని వారు చేశారు. వారం తర్వాత మరో పదకొండు ఇళ్లు.

ఇక్కడ నీటి సరఫరా తీరు తెలియాలి. మన పట్టణాల్లో కుళాయి రోజంతా రాదు. పూటకో గంట వచ్చి ఆగిపోతుంది. నీరు వచ్చే సమయంలో పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులున్న చోట నీరు బయటికి చిమ్ముతుంది. ఆగిపోగానే ఒత్తిడి పడిపోతుంది. పైపు మురుగు కాలువలో నుంచి వెళ్తుంటే అదే పగులులోంచి మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. ట్యాంకు దగ్గర ఎన్నిసార్లు పరీక్షించినా ఇది దొరకదు, చివరి కుళాయి దగ్గర చూడాలి.

అలా చూడడం పెద్ద విద్య కాదు. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో కుళాయి నీరు పట్టి కొన్ని చుక్కల రసాయనం వేస్తే పసుపు రంగు వస్తుంది. ఆ రంగును పక్కనున్న గాజు రంగులతో పోల్చి క్లోరిన్ ఎంతుందో చెప్పవచ్చు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగు రాకపోతే దారిలో ఏదో క్లోరిన్‌ను తినేసిందన్నమాట. మరొకటి మందు పొడి ఉన్న చిన్న సీసా. నీరు పోసి ఇంట్లోనే ఒక మూల పెడితే, మలంతో కలుషితమైన నీరైతే ఒకటి రెండు రోజుల్లో నల్లగా మారుతుంది. ఆ నల్ల సీసాను చూపించి అడిగే ప్రశ్నకు, ‘మీరు చేతులు సరిగా కడుక్కోవడం లేదు’ అన్నది జవాబు కాలేదు.

ఇప్పుడు అదే పేటలో సమితి సభ్యులు జబ్బు చేసిన ఇళ్లను ఒక కాగితం మీద గుర్తు పెట్టారనుకుందాం. పద్దెనిమిదిలో పదహారు ఇళ్లు పైపు దిగువ కొసనే ఉన్నాయి. మొదటి రెండు బిందెలు వాసన వస్తాయని అందరూ ఏళ్లుగా అనుకుంటున్నదే, ఎవరూ రాయలేదు. ఆర్పీ ఆ కాగితాన్ని వార్డు సచివాలయానికి తీసుకెళ్లింది. స్థానిక కళాశాల రసాయనశాస్త్ర విభాగం విద్యార్థులు చివరి కుళాయి నీటిని పరీక్షించారు. పురపాలక అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఫిట్టరుతో వచ్చి, పైపు కాలువను దాటే చోట పగులు కనిపెట్టాడు. దాన్ని మురుగు మట్టానికి పైకి ఎత్తి వేయాలి. గట్టు మీద తవ్వాలంటే జలవనరుల శాఖ అనుమతి కావాలి. ఆ కాగితం కదలాలంటే కమిషనర్ రాయాలి, ఖర్చుకు కౌన్సిల్ ఒప్పుకోవాలి, అందుకు కౌన్సిలర్ పట్టుబట్టాలి.

ఏ ఇంట్లో ఎప్పుడు జబ్బు వచ్చిందో మహిళలకు తెలుసు. రోగుల లెక్క ఏఎన్‌ఎం దగ్గరుంది. పైపుల పటం ఏఈ దగ్గర, అనుమతి మరో శాఖ దగ్గర, నిధులు కౌన్సిల్ దగ్గర. 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధిని పురపాలక సంఘాల బాధ్యతల జాబితాలో చేర్చింది. ఆచరణలో ఏఎన్‌ఎం ఆరోగ్య శాఖకు, ఏఈ పురపాలక సంఘానికి జవాబు చెబుతారు. ఈ ఐదు ముక్కలూ ఒకచోట చేరే ఏర్పాటే సమన్వయ వేదిక. అది కొత్త శాఖ అవ్వనక్కర్లేదు. నెలకోసారి తప్పకుండా జరిగే సమావేశం, అందులో పోయిన నెల చెప్పిన పని ఏమైందో చదివి వినిపించే అలవాటు ఉంటే మొదలైనట్టే.

అన్ని వేదికలూ ఒక స్థాయివి కావు. కొన్నింటిలో సమాచారం మాత్రమే పంచుకుంటారు. కొన్నింటిలో పని పంచుకుంటారు. చాలా తక్కువ చోట్ల డబ్బు, నిర్ణయం పంచుకుంటారు. పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ వర్ణించింది. కింది మెట్లలో జనాన్ని పిలిచి కూర్చోబెట్టి సంతకాలు తీసుకుంటారు, పైమెట్లలో జనం చేతికి అధికారం వస్తుంది. ఏ వేదికనైనా తూచడానికి సులువైన ప్రశ్న: పేట మహిళ ‘ఇది ముందు చేయండి’ అంటే ఏదైనా మారుతుందా?

ఉచిత మాత్ర ఖరీదెంత

బీపీ విషయంలో పైపు లేదు, మురుగు లేదు. ఇక్కడ అడ్డంకి వేళలది. రొయ్యల ప్లాంటులో వలుపు పనికి వెళ్లే మహిళను తీసుకుందాం. రోజు కూలి 400 అనుకుందాం. ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితం. తెచ్చుకోవడానికి పూట పని పోతుంది, అంటే 200. ఆటోకు రానుపోను 40. మొత్తం 240. వీధి చివర మందుల దుకాణంలో నెల మాత్రలు 100 రూపాయలకు వస్తాయనుకుంటే, ఉచితం కన్నా కొనుక్కోవడమే చౌక. ఆ వందా లేని నెల సగం మాత్రలు కొంటుంది, తలనొప్పి వచ్చిన రోజే వేసుకుంటుంది. రికార్డులో ఆమె ‘క్రమం తప్పిన రోగి’.

పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో సాయంత్రం వేళ కూడా ఓపీ నడపాలని పట్టణ ఆరోగ్య మిషన్ రూపకల్పనలోనే ఉంది. అది జరిగే చోట ఈ లెక్క మారుతుంది. ప్లాంటు యాజమాన్యం, ఆశా, కేంద్రం వైద్యాధికారి మాట్లాడుకుని, నెలకోసారి షిఫ్టు ముగిసే వేళకు గేటు దగ్గరే బీపీ చూసి మాత్రలిచ్చినా మారుతుంది. రైస్ మిల్లు హమాలీలకు, చేపల రేవుల దగ్గర పనిచేసేవాళ్లకు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లకు వేళలు వేరు. ఆ వేళలు వాళ్లనడిగితేనే తెలుస్తాయి. ఇలాంటి చోట భాగస్వామ్యం అన్నది ఆదర్శం స్థాయి నుంచి దిగి, ఓపీ ఎన్నింటికి తెరవాలన్న లెక్కగా మారుతుంది.

ఫలితం ఉంటుందా: ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి

మహిళా సంఘాలు నెలనెలా కూర్చుని తల్లీబిడ్డల సమస్యలు చర్చించుకుని పరిష్కారాలు వెతికే పద్ధతిని నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో పరీక్షించారు. నవజాత శిశు మరణాలు 30 శాతం తక్కువగా నమోదయ్యాయని 2004లో ప్రచురించారు. ఝార్ఖండ్, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఇలాంటి ప్రయోగం మూడేళ్లలో 32 శాతం తగ్గుదల చూపిందని 2010లో వెల్లడైంది. అదే ఆలోచనతో ముంబయిలో 48 బస్తీ ప్రాంతాలను ఎంచుకుని సగం చోట్ల సంఘాలు నడిపారు. 2012లో వచ్చిన ఫలితం: చెప్పుకోదగ్గ తేడా లేదు.

ముంబయి ఫలితం మన పట్టణాలకు చాలా ముఖ్యం. అక్కడ అప్పటికే ఎక్కువ కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంటి దగ్గర అలవాట్లు మారితే దక్కే లాభం పల్లెలో ఉన్నంత మిగల్లేదు. డెల్టా పట్టణాలు ఈ విషయంలో ఝార్ఖండ్ పల్లెల కంటే ముంబయికే దగ్గర. కాబట్టి ‘సంఘం పెడితే మరణాలు తగ్గుతాయి’ అని పల్లె అనుభవాన్ని యథాతథంగా తెచ్చి అతికించడం సరికాదు.

మరోవైపు అహ్మదాబాద్‌లో పేటల వాసులు, నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఇంటింటికీ నీరు, మురుగు పైపులు, వీధులు వేయించిన కార్యక్రమం ఉంది. కుటుంబాలు కూడా కొంత వాటా పెట్టుకున్నాయి. తర్వాత ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలిస్తే, నీటి వల్ల వచ్చే జబ్బుల కోసం పెట్టుకున్నవి 32 శాతం నుంచి 14 శాతానికి తగ్గాయని 2010లో ప్రచురించారు. ఇక్కడ సంఘం చర్చ దగ్గరే ఆగలేదు, పైపు దాకా వెళ్లింది.

ఇంకో పోలిక నాకు ఎంతో ఉపయోగకరంగా తోచింది. కేరళలోని చేర్తల ప్రాంతంలోనూ ఫైలేరియా ఉండేది. 1980లలో అక్కడి ప్రజలు శాస్త్రవేత్తలతో కలిసి ఇంటి చెరువుల్లోని అంతరతామర లాంటి నీటి మొక్కలను తీసేసి చేపలు వేశారు. అక్కడ జబ్బును మోసే మాన్సోనియా దోమ ఆ మొక్కల వేళ్లను అంటుకుని పెరుగుతుంది. చెరువు ఇంటివాళ్లదే, చేతులూ వాళ్లవే, పైగా చేపల ఆదాయం. మన దగ్గర దోమ వేరు, అది పెరిగేది ప్రభుత్వ శాఖల డ్రెయినుల్లో. చేర్తలలో జనం కలిస్తే సరిపోయింది. భీమవరంలో, పాలకొల్లులో జనం కలవడం మొదటి సగమే, రెండో సగం శాఖల చేతుల్లో ఉంది.

సంఘం చేతికి అస్సలు అందనివి కూడా ఉంటాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛతో, స్పృహ తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ గుర్తించింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలను అనుమానించారు. ఇలాంటి కారణాన్ని కనిపెట్టడం ఏ పేట సమితికీ సాధ్యం కాదు. ప్రయోగశాలలు, పొలాల్లో వాడే మందుల మీద, కాలువ ఎగువన కలిసే వ్యర్థాల మీద నిఘా రాష్ట్ర స్థాయి పనులు.

అభ్యంతరాలు, వాటి బరువు

మొదటి అభ్యంతరం ప్రజాసంఘాల నుంచే వస్తుంది. నీరు, మురుగు, వైద్యం ప్రభుత్వం ఇవ్వాల్సినవి. వాటి బాధ్యతను పేద మహిళల మీదికి నెట్టి, దానికి సాధికారత అని పేరు పెడుతున్నారన్నది వారి వాదన. ఇందులో నిజం చాలా ఉంది. కాలనీలో ఉండే ఉద్యోగిని తన వీధి కుళాయి నీటిని పరీక్షించమని ఎవరూ అడగరు. గట్టు మీది మహిళ కూలి పని, ఇంటి పని ముగించుకుని సమావేశానికి రావాలి. సమితి సభ్యులకు జీతం లేదు. ఆశాల గౌరవ వేతనాన్ని మన రాష్ట్రంలో 2019లో 10,000కు పెంచారు, వారి పనుల చిట్టా కూడా పెరుగుతూనే వచ్చింది.

దీనికి జవాబుగా, అడిగేవాళ్లు లేకపోతే ఇవ్వాల్సిందీ రాదని సామాజికాభివృద్ధి సమర్థకులు అంటారు. ఇదీ నిజమే. రెండు వాదనలూ ఒక చోట కలుస్తాయి: సంఘం పని అడగడం, సరిచూడడం వరకు ఉంటే న్యాయం, ఊడ్చి కడగడం దాకా వెళ్తే అన్యాయం.

రెండోది, సంఘంలో ఎవరున్నారన్న ప్రశ్న. పొదుపు సంఘంలో చేరాలంటే నెలనెలా కట్టగలగాలి, ఒకేచోట ఉండాలి. అద్దెకుండేవాళ్లు, చెరువుల మీద, ప్లాంట్లలో పనికి ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, ఒంటరి వృద్ధులు ఇందులో ఉండరు. వాళ్ల ఆరోగ్యమే అందరికంటే అధ్వాన్నంగా ఉండే అవకాశం ఎక్కువ. కులం, పార్టీ కూడా సమాఖ్యల్లో గట్టిగానే పనిచేస్తాయి. సంఘం ఏర్పడ్డంత మాత్రాన పేట మొత్తం మాట వినిపించినట్టు కాదు.

ఆసుపత్రులను, బీమాను మెరుగుపరిస్తే చాలన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, గుండె ఆపరేషన్ అంటే ఆస్తి అమ్ముకోవడమే అన్న రోజులు ఎన్నో కుటుంబాలకు పోయాయి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లేని గోదావరి జిల్లాలను ఊహించలేం. కానీ బీమా కార్డు ఆసుపత్రి మంచం దగ్గర పని మొదలుపెడుతుంది. మంచం దాకా రాకుండా ఆపే పనికి నిధులెప్పుడూ వెనకబడే ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేయడం ఆ వెనకబాటును కొంత సరిచేసే ప్రయత్నం. ఆ డబ్బు పురపాలక సంఘం ఖాతా నుంచి వెళ్తుందంటే, ఆరోగ్యం గురించి కౌన్సిల్‌ను ప్రశ్నించే హక్కు ఓటరుకు వచ్చినట్టే.

గట్టు మీద నుంచి టిడ్కో ఇంటికి మారితే

చివరి చిక్కు ఇప్పుడు చాలా పట్టణాల ముందున్నదే. గట్ల మీది కుటుంబాల్లో కొన్నింటికి ఊరి బయట ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన అపార్ట్‌మెంట్లలో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు వచ్చాయి. మురుగు పక్క నుంచి పక్కా ఇంటికి మారడం ఆరోగ్యానికి మేలే, అందులో సందేహం లేదు. పని చేసే చోటు మాత్రం దూరమవుతుంది, ఆటో ఖర్చు పెరుగుతుంది. ఒకే వరసలో ఉన్న ఇళ్లు లాటరీలో వేర్వేరు బ్లాకులకు చెదిరిపోతాయి. ఏళ్లుగా కూడిన సంఘం, మొదటి రెండు బిందెలు పారబోయాలని తెలిసిన ఆ పొరుగు, అక్కడితో ఆగిపోతుంది.

అలా మారిన ఒక గర్భిణిని తీసుకుందాం. పాత వార్డు ఆశా దగ్గర ఆమె గర్భం, బిడ్డ టీకాలు, అత్తగారి బీపీ మాత్రల వివరాలు ఉన్నాయి. కొత్త చోటు మరో ఆరోగ్య కేంద్రం పరిధి, ఒక్కోసారి పురపాలక సంఘం హద్దు అవతల ఉన్న పంచాయతీ. ఇంటి తాళం గృహనిర్మాణ విభాగం ఇస్తుంది, రిజిస్టరు ఆరోగ్య శాఖది, అంగన్‌వాడీ మరో శాఖది, పొదుపు సంఘం బదిలీ మెప్మాది. తాళం చేతికొచ్చిన నెలలో ఈ నలుగురి మధ్య ఆ కుటుంబం పేరు ఒక జాబితా నుంచి మరో జాబితాకు మారిందా లేదా అన్నది సరిచూసే బాధ్యత ఏ ఒక్కరికీ అప్పగించలేదంటే, గట్టు మారినా ఖాళీ మారలేదన్నమాట.